పసుపునీళ్లలో ఉడికిన మౌత్ ఆర్గాన్

మౌత్ ఆర్గాన్‌ను ఉడకబెట్టిన ఇల్లు జహీరాబాద్ మొత్తం మీద మాదొక్కటే అయి ఉంటుంది. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వనీ, నేనూ ఇప్పుడు నవ్వుతూనే చెబుతున్నాను. ఆ రోజు మాత్రం వంటింటి గడప మీద కూలబడి ఏడ్చాను. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పసుపునీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి. అందులో నా స్టీలు కంచం, నా గ్లాసు, నా చెంచా, వాటి మధ్యన మా నాన్న మౌత్ ఆర్గాన్. మా అత్తమ్మ గరిటెతో దాన్ని ఇటు నుంచి అటు తిప్పుతోంది, కోడిగుడ్డును తిప్పినట్టు.

అది ఆ గిన్నెలోకి ఎట్లా చేరిందో చెప్పాలంటే ముందు నా చేతికి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మా నాన్న లారీ డ్రైవరు. ఇక్కడి అల్లం బస్తాలు బొంబాయికి తీసుకుపోయేవాడు, వచ్చేటప్పుడు ఏ లోడు దొరికితే ఆ లోడు. ఒకసారి అక్కడి ఫుట్‌పాత్ మీద ఈ మౌత్ ఆర్గాన్ కొనుక్కొచ్చాడు. పది రంధ్రాలు, మధ్యలో చెక్క, పైనా కిందా మెరిసే రేకులు. లారీలో రేడియో చెడిపోయింది కాబట్టి కొన్నానని మా అమ్మకు సంజాయిషీ చెప్పాడు. ఆయనకు సంగీతం రాదు. ఏ రంధ్రంలో ఏ స్వరం ఉంటుందో తెలియదు. ఇంటికి వచ్చిన రోజు స్నానం చేసి, మంచం మీద కూర్చుని, తోచింది కాసేపు వాయించి, లుంగీ అంచుతో ఒకసారి తుడిచి తిన్నగా నా నోటికి పెట్టేవాడు.

“ఊదు బిడ్డా. ఊదితే తప్పు రాదు. పీల్చేటప్పుడే జర పైలం,” అనేవాడు.

ఆ మాట ఎంత నిజమో నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మా నాన్నది సి స్కేలు మౌత్ ఆర్గాన్. దాని మీద ఎక్కడ నోరు పెట్టి ఊదినా, ఒక రంధ్రం మీద ఊదినా నాలుగింటి మీద ఊదినా, స, గ, ప ఈ మూడే వస్తాయి. ఆ మూడూ కలిసి మోగితే ఎవరి చెవికీ నొప్పి పుట్టదు. లోపలికి పీల్చినప్పుడు అట్లా కాదు. ఒకదానికొకటి పడని స్వరాలు పక్కపక్కనే కూర్చుని ఉంటాయి, ఆదమరిస్తే రెండూ ఒకేసారి అరుస్తాయి. మా నాన్న దీన్ని చెవితో పట్టుకున్నాడు. నాకు అర్థం చేసుకోవడానికి ఫోనూ, పియానో ఆప్పూ కావలసి వచ్చాయి.

మా అమ్మ గొణిగేది. “నీ ఎంగిలి పిల్ల నోట్ల పెడ్తవా?”

“నా బిడ్డకు నా ఎంగిలేంది,” అని నాన్న నవ్వేవాడు.

ఆయన పోయాక ఆయన చెయ్యి తగిలిన వస్తువుల్లో నేను కావాలని అడిగి తీసుకున్నది అదొక్కటే. పెళ్లప్పుడు కొత్త చీరల మడతల్లో పెట్టుకుని అత్తవారింటికి తెచ్చుకున్నాను.

ఇక మా అత్తమ్మ. ఆమెది బీదర్ దిక్కు పల్లె. ఎంగిలి విషయంలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. నీళ్లు చెంబు ఎత్తి నోట్లో పోసుకుంటుంది గానీ పెదవికి తగలనివ్వదు. కూరలో ఉప్పు చూడాలంటే అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలుకతో అందుకుని, వెంటనే చెయ్యి కడుక్కుంటుంది. కన్నకొడుకు కొరికిన జామకాయ కూడా ముట్టదు. బాప్తిస్మం ఆమె నుంచి చాలా కడిగింది, ఎంగిలి జోలికి మాత్రం పోలేదు. ఆమెనే అనడం ఎందుకు, మా చర్చిలో ప్రభు భోజనానికి సైతం ఎవరి చిన్న గ్లాసు వాళ్లకే. అందరం ఒక్క కుటుంబమని పాడతాం, తాగేటప్పుడు మాత్రం జాగ్రత్తగా ఉంటాం.

పెళ్లైన కొత్తలో నేను మౌత్ ఆర్గాన్ బయటికి తీస్తే ఆమె ముఖం ముడుచుకుంది. “నోట్ల పెట్టుకునే బాజనా? దేవుని పాట గూడ ఎంగిలి చేస్తరా ఎవలన్న?” అంది. పెరట్లోకి పోయి ఒక కీర్తన వాయించాను. ఆమె బియ్యం ఏరడం ఆపి విని, మళ్లీ ఏరుకుంది. కొన్నాళ్లకు నేను వాయించకపోతే తనే అడిగేది, “ఇయ్యాల ఊదవా?” అని. వినేది, కానీ ఆ బాజాను ఎన్నడూ ముట్టలేదు. టేబుల్ మీద ఉంటే చీపురు పుల్లతో పక్కకు జరిపి తుడిచేది.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. ఆదివారం చర్చి, కాయర్. చాలా ఏళ్లుగా కాయర్‌లో ముందు వరుసలో రెండో కుర్చీ నాది. చరణానికీ చరణానికీ మధ్య మౌత్ ఆర్గాన్ నేను వాయిస్తేనే క్రిస్మస్ పాటలు నిండుగా ఉంటాయని అందరూ అనేవాళ్లు. కాయర్ అక్కల తెల్ల జాకెట్లన్నీ నేనే కుట్టాను. ఎవరి భుజం ఎంతో, ఎవరు ఏ ఏడు ఎంత లావెక్కారో నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు టీబీ వచ్చింది.

ముందు దగ్గు, తర్వాత సాయంత్రం జ్వరం, తర్వాత నా జాకెట్లు నాకే వదులైపోవడం. బట్టల నూగు వల్ల అనుకున్నాం. దవాఖానలో పరీక్ష చేసి పేరు చెప్పారు, మందులు ఇచ్చారు. ఆ రోజే మా అత్తమ్మ నాకొక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా వేరుగా తీసి పెట్టింది. ఏరు కంచం అంటారు. దాన్ని కడిగే చోటు వేరు, బోర్లించే చోటు వేరు. నేను తప్పు పట్టను. ఆ ఏరు కంచంలో ఆమె నాకు పెట్టినంత పెరుగు తన కొడుక్కి కూడా పెట్టలేదు. మాత్రలు మింగి కడుపులో తిప్పి వాంతి చేసుకుంటే, ఎంగిలికి అంత భయపడే మనిషి ఆ వాంతిని తన చేత్తో ఎత్తింది. మౌత్ ఆర్గాన్‌ను నేనే గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను.

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఇక ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పింది. అయినా కోర్సు మొత్తం అయ్యేదాకా నేను చర్చిలో వెనక బెంచీ మీద మాస్కు కట్టుకుని కూర్చున్నాను. కోర్సు అయ్యాక మళ్లీ పరీక్షలు చేసి, “నయమైపోయింది. ఊపిరి బలానికి బెలూన్లు ఊదండి,” అంది.

“బెలూన్లు ఎందుకు మేడం, నా దగ్గర మౌత్ ఆర్గాన్ ఉన్నది,” అన్నాను.

“అయితే మరీ మంచిది, రోజూ వాయించుకోండి,” అంది.

ఇంటికి వచ్చి ఈ మాట అత్తమ్మకు చెప్పి, ఫ్యాన్ కింద ఒరిగి నిద్రపోయాను. లేచేసరికి వంటింట్లోంచి పసుపు ఆవిరి. పోయి చూస్తే పైన చెప్పిన గిన్నె.

“అత్తమ్మా, ఏం జేసినవ్?”

“ఏం జేసిన? ఇగ ఏరు కంచం లేదు. పసుపు ఉప్పు ఏసి ఉడకబెట్టి అన్నిట్ల కలిపేస్తున్న. ఇది గూడ నీ నోటిదే గద. చర్చిల ఎవలేమంటున్నరో నాకెరుక లేదా? ఉడకబెట్టినమని చెప్త. ఇగ ఎవ్వలు నోరెత్తరు.”

ఆ ముఖంలో ఎంత సంతోషమో. తను ఎన్నడూ ముట్టని ఆ బాజాను గుడ్డ విప్పి, స్వయంగా గిన్నెలో వేసింది. నాకు ఆమెను కొట్టాలనీ అనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేక ఏడ్చాను. ఆమె నేను సంతోషంతో ఏడుస్తున్నాననుకుంది.

చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. రంధ్రాల మధ్య చెక్కపళ్లు బయటికి పొడుచుకొచ్చి, పెదవి పెడితే గీరుకుపోయింది. ఒక్క శబ్దం లేదు. నీడలో ఆరబెట్టాను. మిషన్ స్క్రూడ్రైవర్‌తో పై రేకులు విప్పి, లోపల పేరుకున్న పసుపును దూదితో మెల్లగా తీశాను. చెక్క ఎండి లోపలికి పోయేకొద్దీ ఒక్కో స్వరం లేచింది. గ లేచింది, ప లేచింది. ఒకటి మాత్రం లేవలేదు. ఐదో రంధ్రం లోపలికి పీలిస్తే రావలసిన మ. సన్నని సూదితో ఆ స్వరం పలికించే చిన్న రేకును, ఆ రీడును, కదిలించి చూశాను, కదిలింది, మళ్లీ పడుకుంది. నేను వాయించే పాటలన్నీ ఆ నడిమి రంధ్రాల మీదనే నడుస్తాయి. అక్కడ మ లేకపోతే పాట మెట్టు తప్పిన మనిషిలా బోర్లా పడుతుంది.

అదే సమయంలో క్రిస్మస్ ప్రాక్టీసు మొదలైంది. నేను పోయి నా కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన ఎప్పుడూ కూర్చునే అక్క తన కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుంది. పాట మధ్యలో ఇంకొంచెం జరుపుకుంది. కొంగు ముక్కు దగ్గరే ఉంది. ఆ కొంగు కింద ఉన్న జాకెట్ నేను కుట్టిందే. నా కళ్లు మండాయి, కానీ లేవలేదు.

ప్రాక్టీసు అయ్యాక కాయర్ మాస్టర్ నన్ను ఆగమన్నాడు. వయసులో నాకంటే చిన్నవాడు, స్కూల్లో సంగీతం చెబుతాడు, పాశ్చాత్య సంగీతం పరీక్షలు పాసయ్యాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది.

“తప్పుగ అనుకోకుండ్రి అక్కా. అందరికి జర భయముంది. మీకు నయమైందని నాకు తెల్సు. ఆ పాత హార్మోనికా గురించే వాళ్ల ఫికర్. కొత్తది తీస్కోండ్రి. కొత్తదైతే ఎవ్వరు ఏమనరు, మీ కుర్చి మీకే.”

చూశారా, ఎంత సులువు. ఒక కొత్త మౌత్ ఆర్గాన్ కొంటే నా కుర్చీ నాది. మా ఆయన కూడా ఆ రాత్రి అన్నం తింటూ, “కొందాం తియ్, హైదరాబాద్ పోయినప్పుడు తెస్త,” అన్నాడు. కొత్తదైతే మ కూడా వస్తుంది. ఎటు చూసినా లాభమే.

కానీ నా లోపల ఏదో అడ్డం తిరిగింది. కొత్తది కొంటే పాతదానిలో జబ్బు ఉందని నేనే ఒప్పుకున్నట్టు. మా నాన్న నోటి నుంచి నా నోటికి వచ్చినదాన్ని రోగం పెట్టె అని నేనే ముద్ర వేసినట్టు. ఈ రోజు బాజా మార్చమన్నారు. రేపు నా మిషన్ మార్చమంటారు, నేను కుట్టిన జాకెట్లు పసుపునీళ్లలో వేస్తారు. నాకు నయమైంది. నయమైన మనిషిని నయమైన మనిషిగా చూడటం వాళ్లు నేర్చుకోవాలి గానీ, నేను వస్తువులు మార్చుకుంటూ పోతే అది ఎక్కడ ఆగుతుంది? కొనను గాక కొనను.

మర్నాడు మాస్టర్‌తో అదే చెప్పాను, పాతదానిలో మ పలకడం లేదని కూడా చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

“సరే అక్కా, మరి దాంట్ల మ లేదంటున్నరు గద. మెలోడీ ఎట్ల వాయిస్తరు?”

“మెలోడీ మీరు పాడుండ్రి. నేను సెకండ్ వాయిస్త.”

అప్పటిదాకా మా కాయర్‌లో సెకండ్ పార్ట్, అంటే అసలు పాటకు తోడుగా వేరే స్వరాల్లో నడిచే వరస, ఎవరూ పాడింది లేదు. అందరం ఒకటే వరస, ఒకటే స్వరం. మాస్టర్ ఎన్నోసార్లు నేర్పబోయి, ఎవరికీ ఎక్కక వదిలేశాడు.

“సెకండ్ అంటే ఇంటర్వెల్స్ తెల్వాలె అక్కా. థర్డ్ ఏది, ఫోర్త్ ఏది...”

“నేర్చుకుంట సార్.”

“ఆఖరి ప్రాక్టీసు నాడు అందరి ముంగట వాయించుండ్రి. అందరు ఒప్పుకుంటే కుర్చి మీదే. లేకుంటే ఈ యాడాదికి వెనక బెంచి,” అన్నాడు.

అట్లా నేను టైలరు బుర్రతో పాశ్చాత్య సంగీతంలోకి దిగాను. ఫోన్‌లో పాఠాలు చెప్పేవాళ్లంతా ఇంటర్వెల్ అనగానే ఏదో గంభీరంగా మొదలుపెడతారు. నాకు అదొక కొలతలా అర్థమైంది. భుజం ఒక చోటు, మణికట్టు ఒక చోటు, వాటి మధ్య దూరమే చెయ్యి కొలత. అట్లాగే స ఒక చోటు, గ ఒక చోటు, వాటి మధ్య దూరం ఇంటర్వెల్. స నుంచి లెక్కపెడితే గ మూడోది కాబట్టి దాని పేరు థర్డ్. మ నాలుగోది, ఫోర్త్. ప ఐదోది, ఫిఫ్త్. పై స ఎనిమిదోది, ఆక్టేవ్. ఇంతే. ఇంత చిన్న విషయానికి నేను ఎవరికీ భయపడనక్కర్లేదని మొదటి మధ్యాహ్నమే తేలిపోయింది.

రెండో మధ్యాహ్నం చిక్కు వచ్చింది. పియానో ఆప్‌లో తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడితే స నుంచి గ నాలుగు మెట్లు. సరే, థర్డ్ అంటే నాలుగు మెట్లు అనుకుని రి నుంచి నాలుగు లెక్కపెట్టాను. ఒక నల్ల మెట్టు మీద పడ్డాను. ఆ స్వరం ఆ నడిమి రంధ్రాల్లో ఊదినా రాదు, పీల్చినా రాదు. విసుగొచ్చి ఫోన్ బట్టల మూట మీద పడేశాను. మళ్లీ తీసి వింటే అసలు సంగతి తెలిసింది. థర్డ్ రెండు రకాలు. నాలుగు మెట్లది పెద్దది, మేజర్. మూడు మెట్లది చిన్నది, మైనర్. స నుంచి గ పెద్దది, రి నుంచి మ చిన్నది, గ నుంచి ప చిన్నది. ఏది ఎక్కడ పెద్దదో చిన్నదో నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నాలుగు, ఐదు రంధ్రాలు కలిపి ఊదితే స-గ, కలిపి పీలిస్తే రి-మ. మా నాన్న పెట్టె తయారు చేసినవాడు థర్డులను అందులోనే పక్కపక్కన కూర్చోబెట్టి పంపాడు.

అయితే నా పెట్టెలో రి పక్కన కూర్చోవలసిన మ చచ్చిపోయి ఉంది. మిగతా ప్రతిచోటా పాటకు పైన థర్డ్ వేస్తూ పోవచ్చు. వాళ్లు స అంటే నేను గ, వాళ్లు గ అంటే నేను ప. వాళ్లు మ అన్నప్పుడు కూడా నాకు దిగులు లేదు, నేను ఆరో రంధ్రం పీల్చి ద ఇస్తాను, అది మ కు పెద్ద థర్డ్. వాళ్లు రి అన్నప్పుడే నా దగ్గర సమాధానం లేదు. ద వేసి చూశాను, ఫిఫ్త్, గట్టిగానే ఉంది కానీ ఒట్టి కుండలా బోలుగా మోగింది. ప వేసి చూశాను. రి నుంచి ప ఫోర్త్, ఐదు మెట్లు. అది నిలబడింది. ఒక్క స్వరం పోతే చుట్టుపక్కల ఇంత దారి ఉందని, మ బతికి ఉన్నన్నాళ్లూ నేనెందుకు వెతుకుతాను?

ఇదంతా ఒంటరిగా చేసే పని కాదు. కింద ఎవరో పాట పాడాలి, పైన నేను వాయించాలి. ఇంట్లో ఖాళీగా దొరికే గొంతు మా అత్తమ్మది.

ఆమె గొంతు గురించి మర్యాదగా చెప్పాలంటే, అది ఎవరి మాటా వినదు. నేను స ఊది ఇస్తే ఆమె ఆ పక్కనుంచి ఎత్తుకునేది. “అత్తమ్మా, గిదే సప్పుడు, గిదే పట్టు,” అంటే, “నా పాట నాకు నేర్పుతవా?” అనేది. అల్లం పొట్టు తీస్తూ, చింతపండు గింజలు తీస్తూ పాడేది. నేను పైన థర్డ్ వేయగానే టక్కున ఆపేసేది.

“తప్పు ఊదుతున్నవ్.”

“తప్పు కాదు అత్తమ్మా. నువ్వు నీ దారిల నడువు, నేను పక్కపొంటి నడుస్త.”

“పక్కపొంటి ఎందుకు? ఎన్క రా.”

వెనక రావడమే ఆమెకు తెలిసిన మర్యాద. పక్కన నడిచే స్వరం ఆమెకు ఎదురు చెప్పే కోడలులా వినిపించింది కాబోలు. నేనూ మొండిదాన్నే. రోజూ మధ్యాహ్నం మిషన్ ఆపి ఆమె ముందు కూర్చున్నాను. దగ్గిన ఊపిరితిత్తులు మొదట్లో సగం చరణానికే అలిసిపోయేవి, చెమట పట్టేది. తర్వాత చరణం మొత్తం లాగాను, తర్వాత పాట మొత్తం.

ఒక రోజు హైవే మీద చెరుకు లారీల హారన్ల మధ్య ఆమె ఎందుకో సరిగ్గా స మీద ఎత్తుకుంది. తన స్వరం వదలకుండా పట్టుకుంది. నేను పైన గ పెట్టాను. రెండూ కలిసి ఆ రేకుల వంటింట్లో మూడో శబ్దం ఏదో పుట్టినట్టు మోగింది. ఆమె చేతిలో అల్లం ముక్క అట్లాగే ఉండిపోయింది.

“మళ్ల ఊదు,” అంది.

మళ్లీ ఊదాను. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. అల్లం ఘాటు అంది. అల్లం ఘాటుకు కళ్లు మండవని మా ఊళ్లో ఎవరికి తెలియదు?

ఆఖరి ప్రాక్టీసు శనివారం మధ్యాహ్నం. అత్తమ్మ కూడా వస్తానంది. చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద ఒక్కతే కూర్చుంది. కాయర్ అంతా వచ్చింది. నా పక్కన ఉండే అక్క కుర్చీ ఆ రోజు మూరెడు దూరంలో ముందే వేసి ఉంది. మాస్టర్ కీబోర్డు మీద స ఇచ్చాడు. పాట మొదలైంది.

నేను వాయించాను. వాళ్లు నడిచారు, నేను పక్కన నడిచాను. రి దగ్గర ప వేశాను. మ దగ్గర ద వేశాను. రెండో చరణంలో ఇద్దరు ముగ్గురు పాడుతూనే నా వైపు తిరిగి చూశారు. మాస్టర్ తల ఊపుతున్నాడు. పాట అయిపోయింది.

“మంచిగుంది అక్కా,” అన్నాడు మాస్టర్. అని, మిగతావాళ్ల వైపు చూశాడు.

పక్క అక్క కొంగు సర్దుకుంది. “మంచిగనే ఉంది, కాదంటలేం. కాని మేం పిల్లలున్నోళ్లం. ఆమె దాన్లకెళ్లి గాలి లోపటికి గుంజుతది, బయటికి ఇడుస్తది, అదంత మా మీదికే గద. కొత్తది కొనుక్కోమంటే కొనుక్కోదాయె. ఎందుకంత పంతం?”

ఇద్దరు తలలు ఊపారు. మిగతావాళ్లు పాటల పుస్తకాల్లోకి చూశారు. మాస్టర్ కీబోర్డు వైపు తిరిగాడు. నాకు అర్థమైపోయింది, వెనక బెంచీ.

నేను లేచి నిలబడ్డాను. “పంతమే. నాకు నయమైంది. డాక్టర్ చెప్పింది, మీ అందరికి చెప్పిన. ఇది మా నాయినది. దీనికి ఏ రోగం లేదు, నాకు లేదు. కొత్తది కొని కూసుంటే మీరు నన్ను ఒప్పుకున్నట్టు కాదు, నేనే తప్పు ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను. కుర్చి ఇస్తె ఇయ్యుండ్రి, లేకుంటే ఆ తలుపు బయట నిలవడి వాయిస్త. పండుగ నాడు గూడ వాయిస్త.”

వెనక చాప మీద కదలిక. అత్తమ్మ మోకాళ్ల మీద చెయ్యి పెట్టుకుని లేచింది. నడుముకు కొంగు చుట్టుకుని, బెంచీల మధ్య నుంచి మెల్లగా నడిచి వచ్చి నా ముందు నిలబడింది. చెయ్యి చాచింది.

“గిటియ్యి.”

మౌత్ ఆర్గాన్ ఇంకా నా ఉమ్మితో తడిగా ఉంది. అలవాటుగా కొంగుతో తుడవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. తడిగా ఉన్నదాన్ని అట్లాగే తీసుకుంది. ఒకప్పుడు చీపురు పుల్లతో తప్ప ముట్టనిదాన్ని, చెంబును పెదవికి తగలనివ్వని మనిషి, కన్నకొడుకు కొరికిన జామకాయ తినని మనిషి, రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు. సగం పెట్టె నోట్లోకి పోయింది.

ఊదింది.

స, గ, ప. మూడూ కలిసి, నిండుగా, చర్చి పైకప్పు దాకా. ఊదితే తప్పు రాదు. మా నాన్న గొంతు నా చెవిలో అంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు. ఆమె ఊపిరి అయిపోయేదాకా ఊదింది, తర్వాత తీసి, పెదవులు చప్పరించి, పక్క అక్కను చూసి, “పసుపు వాసనొస్తున్నది, ఇంకేం లేదు,” అంది.

తుడవకుండానే నా చేతికి ఇచ్చింది. మూరెడు దూరంలో ఉన్న ఆ ఖాళీలోకి ఒక కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. ఆమె కాయర్ మనిషి కాదు, శ్రుతి మాట వినదు. లేవమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పక్క అక్క ఇంకా దూరం జరిగిందో లేదో నేను చూడలేదు. మాస్టర్ మమ్మల్నిద్దర్నీ చూశాడు, కీబోర్డు మీద మళ్లీ స ఇచ్చాడు.

నేనూ తుడవలేదు. ఆమె ఎంగిలితో అట్లాగే నోట్లో పెట్టుకున్నాను. పాటలో మ వచ్చిన చోట ద వాయించాను.